కొంగుకు దాచిన కరెంటు

"సారూ, మైలేజీ ఎంతిస్తది?"

నా ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే తెల్లారిపోయిందంటే అబద్ధం కాదు. కరీంనగర్‌లో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో మెకానిక్‌గా చేరి, చివరికి కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ బాధలు వినే మేనేజర్‌గా దిగిపోయాను. కొత్త బండి కొన్నవాడు అదే అడిగేవాడు, పాత బండి అమ్ముకునేవాడు అదే అడిగేవాడు. ఒకాయన లారీని గుద్ది, బండి ముందు భాగమంతా నుజ్జు చేసుకుని తెచ్చి, బాగు చేశాక మైలేజీ తగ్గుతుందా అని అడిగాడు. ప్రాణం దక్కినందుకు సంతోషించవయ్యా అన్నాను. అలా అన్నందుకు మా యజమాని చేత చీవాట్లు తిన్నాను.

ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే ఎవరూ మైలేజీ అడగడం లేదు. అదీ వెలితిగానే ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాకంటే చాలా చదువుకున్నవాళ్ళు. ల్యాప్‌టాప్ తగిలించి బండికున్న రోగం చిటికెలో చెప్పేస్తారు. వాళ్ళకు నేను నేర్పేది ఏముంటుంది గనుక? కాని కౌంటర్ దగ్గర కూర్చునే పిల్లలకు ఒక సేటు సంగతి మాత్రం చెప్పాలనిపిస్తుంది. చాలా ఏళ్ళ కిందటిదేమీ కాదు, నేను ఉద్యోగం దిగిపోయే ముందటి ముచ్చటే.

ఆయనది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఊరు ఊరంతా సాంచాల చప్పుడే. ఈ సేటు చిన్నతనంలో ఒకరి సాంచా మీద కూలికి నేసి, తరువాత సొంతంగా పెట్టుకుని, ఇంటి గోడను ఆనుకునే పెద్ద షెడ్డు వేసుకున్నాడు. బక్కపలచటి మనిషి. తెల్ల అంగీ, భుజాన తువ్వాల. చెవులు సగమే పనిచేసేవి. సాంచాల మధ్య ముసలివాళ్ళయినవాళ్ళలో చాలామందికి అంతే. ఆ లోటంతా గొంతులో తీర్చుకున్నట్టు, ఆయన మా గేటు దగ్గర మాట్లాడితే వెనకాల బండ్లు కడిగేవాళ్ళకు వినబడేది.

ఆయన బండి ప్లగ్-ఇన్ హైబ్రిడ్. హైదరాబాద్‌లో ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మా దగ్గరికి అలాంటి బండి మరొకటి వచ్చేది కాదు. దానికి పెట్రోల్ ట్యాంకూ ఉంటుంది, ఫోన్‌కు పెట్టినట్టు ఇంట్లో ప్లగ్గుకు పెట్టుకుని చార్జింగ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉంటుంది. బ్యాటరీలో కరెంటు ఉన్నంతసేపు చప్పుడు లేకుండా పోతుంది. అది అయిపోగానే ఇంజన్ అందుకుంటుంది. దారిలో ఆగిపోతామన్న భయం లేదు. ఇంత సుఖమైన బండి కొనుక్కుని కూడా ఈయనకు నెమ్మది లేదు.

"గీ కరెంటు జల్ది ఒడుస్తుంది సారూ! ఇంటికాడ నిండ చార్జింగ్ పెట్టుకొని వస్తే కరీంనగర్ రాకముందే ఇంజన్ అందుకుంటుంది. కరెంటు మీద జర ఎక్కువ దూరం పోయేటట్టు చెయ్యి."

"బ్యాటరీ పాతదైపోయింది సేటూ. కొత్తగా ఉన్నప్పుడే అది పెద్ద దూరం పోదు. చిన్న చెంబులో కడివెడు నీళ్ళు పట్టమంటే ఎట్లా పడతాయి?"

"చెంబు పెద్దది చెయ్యి మరి."

మా దగ్గర ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. కరీంనగర్ వాడే, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. తెలుగులో మొదలుపెట్టిన మాట ఉర్దూలో ముగించేవాడు. ఉస్తాద్ బండి అంతా చూసి, డిక్కీ తెరిచి నోరు వెళ్ళబెట్టాడు. డిక్కీ నిండా గుడ్డ తాన్లు. సేటు ఎక్కడికి పోయినా నాలుగు తాన్లు వేసుకుని పోయే అలవాటట, ఎవరైనా అడుగుతారేమోనని. అవి దించేయమన్నాం. టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోమన్నాం. ఏసీ తగ్గించుకోమని, మెల్లగా తోలమని చెప్పాం. సేటు అన్నీ బుద్ధిగా చేశాడు. మళ్ళీ వచ్చాడు.

"జర పెరిగింది సారూ. గని చాలుత లేదు. డిక్కీ ఖాళీనే ఉన్నది గద, గండ్ల ఇంకో బ్యాటరీ పెట్టు."

అది కుదరదని, కంపెనీ ఒప్పుకోదని, పెడితే బండి తగలబడినా తగలబడుతుందని చెప్పేసరికి నా గొంతు పోయింది. ఆయనకు వినబడేటట్టు చెప్పాలంటే అరవాలి మరి. ఆయన పోయాక మావాళ్ళు పగలబడి నవ్వేవారు. అంత ఖరీదైన బండి కొని పెట్రోల్ దగ్గర ఇంత పీనాసితనమేమిటని అందరికీ వింత.

"సాబ్, ఈయన ఊపిరి గూడ ఒక్క ముక్కుతోనే పీలుస్తడు, రెండోది రేపటికి దాచిపెడ్తడు," అన్నాడు ఉస్తాద్.

ఆ మాట వర్క్‌షాప్ అంతా పాకి, కంజూస్ సేటు అన్న పేరు స్థిరపడిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కొత్తపల్లి దాటాక నడిరోడ్డు మీద బండి ఆగిపోయిందట. నేనూ ఉస్తాద్ బయల్దేరి పోయేసరికి అక్కడ తిరునాళ్ళలా ఉంది. సేటు బండి వెనక గ్రానైట్ రాళ్ళ లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఒకడు దిగివచ్చి అద్దం మీద బాదుతూ, వాళ్ళ తాతల దాకా తిడుతున్నాడు. సేటుకు ఇవేవీ పట్టలేదు. సీట్లో పక్కకు తిరిగి కూర్చుని, పక్కనున్న భార్య ముఖం వైపే చూస్తున్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి.

ఉస్తాద్ బండి చూసి తల పట్టుకున్నాడు. ట్యాంకులో పెట్రోల్ చుక్క లేదు.

"నేనే పొయ్యలే," అన్నాడు సేటు తప్పేమీ లేనట్టు. "పెట్రోలే లేకుంటే ఇంజన్ ఎట్ల అందుకుంటది? ఇగ కరెంటు మీదనే పోతది గద అనుకున్న."

"యా అల్లా! కరెంటు అయిపోతే దేని మీద పోతది సేటూ, దువా మీదనా?"

మా షెడ్డులో ఒక సాంచా నడవొద్దంటే బెల్టు తీసేస్తం, ఇదీ అట్లనే అనుకున్న, అన్నాడు సేటు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు చుక్కల పెట్రోల్ కోసం ఇంటి ఆడమనిషిని ఎండలో నడిరోడ్డు మీద కూర్చోబెడతావా అని లారీల హారన్లకు మించి అరిచాను.  ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత ఏదో అంది. చేటలో బియ్యం కదిలినంత చప్పుడైంది తప్ప నాకు ఒక్క మాటా అందలేదు. సేటు ఆమె పెదవులు చూసి నా వైపు తిరిగాడు.

"తమ్ముడు ఎండల నిలబడి తిడుతుండు, ముందుగాల నీళ్ళియ్యి అంటుంది."

పెట్రోల్ పోసి బండిని సర్వీస్ సెంటర్‌కు తెచ్చాం. ఆమె లోపల ఏసీ గదిలో కూర్చుంది. సేటు నా కుర్చీ పక్కన కూర్చుని టీ కూడా తాగలేదు. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పెట్రోల్ పైసల కోసం కాదు సారూ. మా ఇంట్ల ఎవ్వలం నోరిచ్చి మాట్లాడం. మాట్లాడితె వినబడాలె గద! గోడకవతల సాంచాలు, గోడకివతల ఇల్లు. పెదవులు కదిలిస్తం, చేతులు ఊపుతం. అన్నం తింటవా, పోగు తెగింది, కండె పెట్టు... గంతే. పెండ్లయిన కాడికెల్లి గట్లనే నడిచింది. పొద్దుందాక చేతులతోని ఎన్ని ముచ్చట్లని చెప్పస్తది? ఆమె మాట నేను చూసిన గని, వినలే."

చల్లారుతున్న టీ గ్లాసును ఆయన వైపు జరిపాను.

"బండి కొన్న కొత్తల ఆమెను దవాఖానకు తీస్కపోతున్న. కండ్లు రోడ్డు మీద ఉండె. పక్కకెల్లి ఎవలో మాట్లాడుతుండ్రు. రేడియో అనుకున్న సారూ! చూస్తే మా ఆమె. మల్లారెడ్డి చెరువు గట్టు మీద తంగేడు పూసింది చూడు అంటుంది. గింత మంచిగుంటదా దీని గొంతు అనుకున్న. గప్పటికే సన్నగైపోయింది గా గొంతు. గడ్డ లేసిందట లోపట. ఆపరేషన్ చేసి మాట పెట్టెనే తీసేస్తమంటుండ్రు. పానానికి ఫికర్ లేదట గని, ఇగ మాట రాదట."

ఇంజన్ అందుకోగానే ఆమె గొంతు దాని కింద మునిగిపోతుందని, తన చెవులకు ఆ మాత్రం చప్పుడు చాలునని చెప్పాడు. ఇంట్లోనయితే ముఖం చూసి అర్థం చేసుకోవచ్చు. తోలుతూ ముఖం చూడడం కుదరదు. అందుకని కరెంటు ఉన్నంత దూరమే ఆమె మాట. అది అయిపోయిన చోట మాట ఆగిపోతుంది. మా దగ్గర ఆయన అడుగుతూ వచ్చింది ఆ దూరాన్నే.

ఉస్తాద్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నేరుగా పోయి బండి కిందికి దూరాడు.  లోపల ఏసీ గదిలో ఆమె మా అద్దాల్లోంచి బయటి బండ్లను చూస్తూ, ఆ వైపు పోయిన మా వాషింగ్ పిల్లను చేత్తో పిలిచి చీర బాగుందని సైగ చేస్తోంది.

ఆ రోజు నుంచి ఆ బండి మా వర్క్‌షాప్‌కు సొంత బండి అయిపోయింది. హైదరాబాద్ వాళ్ళను అడిగితే కొత్త బ్యాటరీ బయటి దేశం నుంచి రావాలన్నారు. అది వచ్చేలోపల ఆపరేషన్ అయిపోతుంది. ఉస్తాద్ తనకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. బ్యాటరీ వేడెక్కకుండా నీడలో పెట్టి, రాత్రి చల్లబడ్డాకే చార్జింగ్ పెట్టించాడు. బ్రేకులు ఎక్కడా పట్టేయకుండా విప్పి బిగించాడు. ఇంత చేస్తే రెండు గల్లీల దూరం పెరిగింది. ఆ రెండు గల్లీలకే సేటు మాకు మిఠాయి డబ్బా తెచ్చాడు. ఉస్తాద్ ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేకపోయాడు.

ఇంట్లో చార్జింగ్ లైను ఎట్లా ఉందో చూడాలని నేనొకసారి సిరిసిల్ల పోయాను. షెడ్డులోకి అడుగు పెట్టగానే చప్పుడుకు ఛాతీ అదిరింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కాదు, నా మాట నాకే వినబడలేదు. ఆ చప్పుడులో ఆమె ఒక మూల కూర్చుని కండెలకు నూలు చుట్టిస్తోంది. డాక్టరు వద్దన్నా వినదట. మొగుడూ పెళ్ళాలు షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు చేతులతో, కనుబొమలతో ఏదో మాట్లాడేసుకుని నాకు చాయ్ తెప్పించారు. నేను గమనించేలోపే చాయ్ వచ్చింది.

సేటు నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో అరిచాడు.

"ఆపరేషన్ కంటె ముందుగాల ఒక్కపాలి పుట్టినూరు చూస్తనంటుంది. బోథ్ కాడ! వాళ్ళ బాపు గుడ్డల మూటలు కట్టుకొని అంగళ్ళల్ల అమ్మేటోడు. ఆమె చిన్నప్పటి ముచ్చట్లేవీ నాకు తెల్వయి సారూ. దారి పొడుగుత చెప్పుకుంట వస్తనంటుంది. బోథ్ దాక కరెంటు మీదనే పోవాలె!"

బోథ్ ఎక్కడ, సిరిసిల్ల ఎక్కడ? ఈ బండి కరెంటు మీద కోరుట్ల కూడా చేరదు. కుదరదని చెయ్యి ఊపాను. ఆ ఇంట్లో నేను కూడా చేతులతోనే మాట్లాడుతున్నాను అప్పటికి. సేటు ముఖం వాడిపోయింది. అది చూసి ఆమె లేచి వచ్చింది. నా వైపు తిరిగి పెదవులు కదిపింది. సేటు ఆ మాటలను ఒక్కొక్కటే నా చెవిలో అరుస్తూ పోయాడు. అంత మెత్తగా అన్న మాట అంత గట్టిగా వినడం నాకదే మొదలు.

"ఆమె ఏమంటుందంటే... చీర మొత్తం జరీ నేస్తమా తమ్మీ? జరీ తక్కువుంటే అంచుకింత, కొంగుకింత. నడిమిట్ల ఉత్త నూలే నడుస్తది. ఉన్న కరెంటును ముందుగాలనే ఎందుకు ఒడగొట్టుడు? కొంగుకు దాచుకోవాలె, అంటుంది."

బండిలో అందుకు బటన్ ఉంది. అది నొక్కితే బ్యాటరీని ముట్టకుండా పెట్రోల్ మీదే నడుస్తుంది. మళ్ళీ నొక్కిన చోటు నుంచి కరెంటు వాడుకుంటుంది. ఎంత దూరం పోతుందని సేటు అడుగుతూ వచ్చాడు, ఎంత పెంచాలని మేము కొట్టుకుంటూ వచ్చాం. ఎక్కడ వాడాలన్నది మొదట అడిగింది ఆమే. నేను రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాను. ఆమె మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతా అనుకున్నాం. నిర్మల్ దాటి, ఘాట్ ఎక్కి, నేరడిగొండ దగ్గర పెద్ద రోడ్డు దిగి బోథ్ వైపు తిరిగేదాకా పెట్రోల్. అక్కడి నుంచి ఆమె ఊరిదాకా కరెంటు. అటు పోను లారీలు తక్కువ, పక్కన టేకు చెట్లు, పత్తి చేన్లు. ఉన్న కరెంటు ఆ దారికి సరిగ్గా సరిపోతుంది. బటన్ సంగతి నాకు భయం, నువ్వు గూడ రావాలె సారూ అని సేటు పట్టుబట్టాడు. సెలవు పెట్టి వెనక సీట్లో కూర్చున్నాను.

పొద్దున్నే బయల్దేరాం. ఆమె సర్వపిండి చేసుకొచ్చింది. గొంతుకు మింగుడు పడదని తను తినలేదు, మా ఇద్దరికీ విరిచి విరిచి ఇచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి దాటాం. పెట్రోల్ ఇంజన్ ఆడుతూనే ఉంది. దారి పొడుగునా సేటు ప్రాణం బటన్ మీదే. ఎక్కడ కాస్త మంచి చెట్టు కనబడ్డా, చెరువు కనబడ్డా అద్దంలో నా వైపు చూసేవాడు. ఇప్పుడే వద్దని తల ఊపేవాణ్ణి. పెళ్ళినాటి కొత్త బట్టలు పెట్టెలో దాచుకున్న మనిషిలా కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ బాగా మూలిగింది. ఆమె కిటికీలోంచి చెట్లను చూస్తూ కూర్చుంది.

నేరడిగొండ వచ్చింది. బండి పెద్ద రోడ్డు దిగి బోథ్ దారి పట్టింది. నొక్కమన్నాను. ఇంజన్ ఆగిపోయింది. టైర్ల కింద రోడ్డు చప్పుడు, కిటికీ పక్క నుంచి గాలి, ఎక్కడో పిట్ట కూత. అంతే. ఇన్నాళ్ళ మా పాట్లన్నీ ఈ కాసేపటి కోసమే కదా అని నాకు ఒళ్ళు పులకరించింది.

"ఇగ చెప్పు," అన్నాడు సేటు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

జవాబు లేదు.

"చెప్పరాదు, కరెంటు మీదనే పోతున్నం."

నేను ముందుకు వంగి చూశాను. ఆమె నిద్రపోయింది. తల కిటికీ అద్దానికి ఆనించి, చేతిలో సర్వపిండి గిన్నె అట్లాగే పట్టుకుని గాఢంగా నిద్రపోయింది. మందులు అట్లాంటివి. పైగా పుట్టినూరికి పోతున్నానన్న సంబరంలో రాత్రంతా కన్ను మూయలేదట. ఇంతసేపు ఇంజన్ మోతలో మేలుకుని ఉన్న మనిషికి, చప్పుడు ఆగిపోగానే నిద్ర పట్టేసింది.

సేటు మెల్లగా చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. మీటర్‌లో కరెంటు తగ్గిపోతోంది. లేపమని వెనక నుంచి సైగ చేశాను. అద్దంలో చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ బటన్ నొక్కి కరెంటు దాచుకుందామంటే ఇంజన్ అందుకుంటుంది, ఆమె ఉలిక్కిపడి లేస్తుంది. నొక్కకపోతే ఆమె నిద్రలోనే కరెంటంతా అయిపోతుంది.  ఇంత కష్టపడి దాచిన జరీ అంతా చేతుల్లోంచి జారిపోతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది. సేటు బండి వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటిపోయింది.

అప్పుడు సేటు ఇండికేటర్ వేసి, రోడ్డు పక్కన టేకు చెట్ల కిందికి దించి, బండి ఆపేశాడు.

ఆపేశాడు. అంతే. మీటర్ ఆగిపోయింది, చప్పుడు ఏమీ లేదు.

చదువుతున్న మీకు ఇది ఎప్పుడో తట్టి ఉంటుంది. మాలో ఒక్కడికీ తట్టలేదు. ఆయన సాంచాల మనిషి. ఆగిన సాంచా అంటే ఆయనకు నష్టం. పోగు తెగితే తప్ప దేన్నీ ఆపి ఎరగడు. పండుగనాడు కూడా ఆ షెడ్డు ఆగలేదు. ఇక నేనూ, ఉస్తాదూ! ఆగిన బండిని నడిపించడానికే మాకు జీతం ఇచ్చేవారు. ఆగిన బండి మా కంటికి రోగమే తప్ప మరొకటి కాదు. ఎంత దూరం, ఎంత దూరం అని ఆయన అడిగితే, ఎక్కడైనా ఒక చెట్టు కింద ఆపుకుని మాట్లాడుకో సేటూ అన్నవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

సేటు సీట్లో పక్కకు తిరిగి ఆమె నిద్ర లేచేదాకా చూస్తూ కూర్చున్నాడు. నేను చప్పుడు కాకుండా తలుపు తీసుకుని దిగి, దూరంగా కల్వర్టు మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఆమె లేచింది. మొదట కంగారుపడి చేతులు ఊపింది, ఏమైంది, ఎందుకు ఆగామని కాబోలు. సేటు ఏదో చెప్పాడు. ఆమె అద్దం దించి బయటి చెట్లను చూసింది. తరువాత చేతులు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఎప్పుడూ ఊరు అదిరేటట్టు మాట్లాడే సేటు ఒక్క మాట అనకుండా, తల ఆమె వైపు వంచి వింటున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు, చూసేవాళ్ళు ఎవరున్నారని.

బోథ్ వైపు పోయే ఒక ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"ఏమైంది దాదా? బండి ఖరాబైందా?"

"లేదు, మంచిగనే ఉంది."

"మరి గిక్కడ ఆగిండ్రేంది?"

"మాట్లాడుకుంటున్నారు."

వాడు బండిని చూశాడు, నన్ను చూశాడు, పిచ్చివాళ్ళని తేల్చుకుని పోయాడు.

ఎండ చెట్ల అవతలికి వాలిపోయేదాకా వాళ్ళు లేవలేదు. ఒకసారి ఆమె నవ్వింది, ఇద్దరూ నవ్వారు. ఒకసారి సేటు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చివరికి నన్ను పిలిచి, పోదాం సారూ అన్నాడు. బోథ్‌లో ఆమె అన్నగారి వాకిట్లో బండి ఆగేసరికి మీటర్‌లో ఇంకా కరెంటు మిగిలే ఉంది. అన్న పరుగెత్తుకొచ్చి ఇంత ఆలస్యమేంది, నా జీవి పరేషాన్ అయింది బాయీ అని చెల్లెలి చేతులు పట్టుకున్నాడు. ఆమె తన గొంతుతోనే, ఉన్నంత గొంతుతో, అన్నా అని పిలిచింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాట పోయింది. నేను ఉద్యోగం దిగిపోయే రోజుల్లో సేటు బండి సర్వీసింగ్‌కు తెచ్చాడు. కంప్లైంట్ ఏమైనా ఉందా అని మావాళ్ళు అడిగితే ఏమీ లేదన్నాడు. మైలేజీ మాటే ఎత్తలేదు. కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, అక్క ఎట్లా ఉంది అని అడిగాను. అడగడానికి భయపడుతూనే అడిగాను.

"మంచిగున్నది సారూ. పొద్దీకంగ గంట సేపు సాంచాలు బంద్ పెడుతున్న. బండిల కూసోపెట్టుకొని గట్ల పోయి, ఏడనన్న ఒక కాడ ఆపుత. ఇగ ముచ్చట నేనే చెప్తున్న."

"ఏం ముచ్చట్లు సేటూ?"

"గా రోజు ఆమె చెప్పినవే, మళ్ళ ఆమెకే. వాళ్ళ బాపు బోథ్ అంగడిల దుకాణం పరిస్తే ఈమె గుడ్డల మూట మీద పండుకునేదట. నీడకని బాపు మీదికెల్లి ఇంత గుడ్డ కప్పి, బేరంల పడి పిల్లనే మరిచిపోయిండట. ఎవలో గా గుడ్డ కొంటనని గుంజితే కింద ఈమె!" ఆయన పెద్దగా నవ్వాడు. వర్క్‌షాప్ అంతా మా వైపు తిరిగింది. "గా గుడ్డ ఎర్రదని చెప్పిననుకో, ఊకోదు సారూ. పసుపు గుడ్డ అని చెయ్యి మీద ఒక్కటి ఏస్తది. నిన్న గూడ ఏసింది."

"ఇంకా గుర్తు లేదా సేటూ, పసుపు గుడ్డ అని?"

సేటు ఆ చేతిని రెండో చేత్తో మెల్లగా నిమురుకున్నాడు.

"ఎందుకు తెల్వది సారూ, పసుపుదే. నేను కావాలనే ఎర్రదంట."